మూడో పేజీలోనే ఆగిపోయిన నవల

కిందటిసారి ఈ శీర్షికలో పరాయి భాషల గురించి నాలుగు ముక్కలు రాశాను. అర్థమయ్యేవి ఎక్కువగా చదువుతూ, వింటూ పోతే భాష దానంతటదే పట్టుబడుతుందన్నాను. సగం మంది పాఠకులు గొడవకొచ్చారు, మిగతా సగం ఎలాగో కాస్త వివరంగా చెప్పమన్నారు. ఇద్దరి ఉత్తరాల్లోంచీ కొన్ని తీసుకుని జవాబులు రాస్తున్నా. పేర్లు వెయ్యడం లేదు, చాలామంది వద్దన్నారు కూడా.

ప్రశ్న: జర్మన్‌లో ఎ2 పరీక్ష (కింది నుంచి రెండో స్థాయి) పాసయ్యాను. మీ మాట నమ్మి ఒక జర్మన్ నవల కొన్నాను. పేజీకి నలభై పదాలు డిక్షనరీలో వెతకాల్సి వస్తోంది. నెల రోజుల్లో మూడు పేజీలయ్యాయి, నాలుగోది తెరవబుద్ధి కావడం లేదు. నాకు భాషలు అచ్చిరావేమో?

జవాబు: మీకు అచ్చిరానిది భాష కాదండీ, ఆ పుస్తకం. అది పెద్దల కోసం, ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్ల కోసం రాసింది. ఇలాంటి ఉత్తరాలు నాకు మొత్తం పదకొండు వచ్చాయి, అన్నిట్లోనూ జబ్బు ఒక్కటే.

మన తెలుగులోనే చిన్న ప్రయోగం చేసి చూద్దాం. ఇది చదవండి:

"వాన తగ్గాక తాతయ్య తన లొంకెడు భుజాన వేసుకుని మెల్లగా జిరపవైపు నడిచాడు. దారిలో ఒక కురిటె ఎదురై, ఆగి, ఏదో అడిగి, మళ్లీ పెద్దగా తమిరింది."

ఇరవై పదాల్లో నేను కల్పించినవి నాలుగే. అంటే నూటికి ఎనభై మీకు తెలుసు. పరీక్షలో ఎనభై మార్కులంటే సంబరపడతాం గానీ, ఇక్కడ ఎనభై తెలిసినా కథ చేతికి చిక్కలేదు. తాతయ్య ఏం మోసుకెళ్లాడు, ఎక్కడికెళ్లాడు, ఎదురైంది మనిషా పశువా, చివరికి అది నవ్విందా ఏడ్చిందా, ఏదీ తెలీదు. ఇప్పుడు మూడు పదాలు మారుస్తాను:

"వాన తగ్గాక తాతయ్య తన సంచి భుజాన వేసుకుని మెల్లగా చెరువువైపు నడిచాడు. దారిలో ఒక కురిటె ఎదురై, ఆగి, ఏదో అడిగి, మళ్లీ పెద్దగా నవ్వింది."

కురిటె అంటే ఏమిటో ఇప్పటికీ నేను చెప్పలేదు. అయినా అది మాట్లాడుతుందనీ, నవ్వుతుందనీ, ఆడమనిషే అయ్యుండాలనీ మీకు తెలిసిపోయింది. ఇంకో రెండు పేజీల్లో అదే కురిటె వచ్చి ఎవరి జాతకమో చెప్పిందంటే, డిక్షనరీ అక్కర్లేకుండానే దాని అర్థం బుర్రలో కూర్చుంటుంది. చదువుతుంటే పదాలు వస్తాయని మేమంతా చెప్పేది దీన్నే. మొదటి పేరాలో జరగనిది రెండోదాంట్లో జరిగింది, తేడా మూడు పదాలు.

ఈ రెండో పేరాలోనూ ఇరవైలో ఒకటి తెలియదు, అంటే తెలిసినవి నూటికి తొంభై అయిదు. న్యూజిలాండ్‌లో పదజాలం మీద జీవితమంతా పనిచేసిన పాల్ నేషన్ అనే భాషావేత్త లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి తొంభై ఎనిమిది తెలిసి ఉండాలంటాడు, అంటే యాభై పదాలకు ఒక్కటే కొత్తది. ఇంగ్లీషు నవలను ఆ స్థాయిలో చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని 2006లో లెక్క తేల్చాడు (ఒక పదమూ దాని రూపాలూ అన్నీ కలిపి ఒక కుటుంబం). మీ ఎ2 పరీక్షకు ఇచ్చే జాబితాలో ఉండేవి సుమారు 1,300 పదాలు. ఆ పెట్టుబడితో నవల మీదికి వెళ్తే మూడు పేజీలు లాగినందుకే మిమ్మల్ని మెచ్చుకోవాలి.

ఆ నవలను అటక మీద పెట్టండి, దానికీ రోజొస్తుంది. ఇప్పుడు మీకు కావాల్సినవి గ్రేడెడ్ రీడర్లు, అంటే ఇన్ని వందల పదాల్లోనే కథ చెప్పాలని గిరి గీసుకుని రాసిన పుస్తకాలు. వీటి వెనక ఒక పాత కథ ఉంది. 1920ల్లో మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన ఢాకాలో ఉంటూ బెంగాల్ పిల్లలు ఇంగ్లీషు చదవలేక అవస్థ పడటం గమనించాడు. వాళ్ల వాచకాల్లో అరుదైన పదాలు మరీ ఎక్కువున్నాయని, వాటిని తీసేసి వాడుక పదాలు పెట్టి, కొత్త పదాలను ఒకేచోట కుమ్మరించకుండా దూరం దూరంగా చల్లి రీడర్లు తయారుచేశాడు. ఇప్పుడు ప్రతి పెద్ద భాషలోనూ దొరికే స్థాయి పుస్తకాలకు దారి వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

పుస్తకం కొనేముందు మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవండి. తెలియని పదాలు నాలుగైదు దాటితే వెనక్కి పెట్టెయ్యండి. "మరీ చిన్నపిల్లల పుస్తకంలా ఉందే" అని నామోషీగా అనిపిస్తే, సరైన పుస్తకమే దొరికిందన్నమాట.

ప్రశ్న: డిక్షనరీ చూడొద్దంటారు. అర్థం తెలియకుండా ముందుకెళ్లడం నా వల్ల కాదు, లోపల ఏదో దొలిచేస్తుంది. చిన్నప్పటి నుంచీ ప్రతి పదానికీ అర్థం రాసుకునే అలవాటు.

జవాబు: ఆ దొలుపుడు నాకూ ఉండేది. రెండు వారాల్లో పోతుంది, కాస్త ఓపిక పట్టండి.

జపాన్‌లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లలో తాదొకు అనే పద్ధతి బాగా పాకింది. తాదొకు అంటే ఎక్కువగా చదవడం, అంతే. దాన్ని ప్రచారం చేసిన సకై కునిహిదె అనే ప్రొఫెసర్ మూడే మూడు సూత్రాలు పెట్టాడు. డిక్షనరీ తెరవకు, అర్థం కానిచోట దాటెయ్యి, నచ్చకపోతే పుస్తకం మూసేసి ఇంకోటి తియ్యి. మూడోది అన్నిటికన్నా కష్టం, డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఏడుస్తూనైనా పూర్తిచేసే జాతి మనది.

పదం పదం వెతికితే వచ్చే తంటా ఏమిటో ఒక్క జర్మన్ వాక్యంలో చూపిస్తాను. "ఎర్ రీఫ్ జైనె ముట్టర్ అమ్ ఆబెంట్ నొఖ్ ఐన్‌మాల్ అన్." మొదట్లో ఉన్న 'రీఫ్'ను వెతికితే పిలిచాడు, కేకేశాడు అని వస్తుంది. సరే, వాళ్లమ్మని కేకేశాడు అనుకుంటారు. కానీ వాక్యం చివర్న ఒంటరిగా ఒక 'అన్' కూర్చుని ఉంది చూడండి, అదొచ్చి ఆ క్రియకు అతుక్కుంటే అర్థం ఫోన్ చేయడం అయిపోతుంది. ఆ సాయంత్రం వాళ్లమ్మకు మరోసారి ఫోన్ చేశాడు, అదీ సంగతి. ముందు నుంచి ఒక్కో పదానికీ అర్థం పెన్సిలుతో రాసుకుంటూ వచ్చినవాళ్లు చివరికొచ్చేసరికి మొదట రాసింది చెరుపుకోవాలి. తేలిక పుస్తకాలు ఓ పది చదివినవాళ్లకు మాత్రం 'రీఫ్' కనబడగానే కళ్లు వాటంతటవే చివరి 'అన్' కోసం చూస్తాయి. ఆ చూపు డిక్షనరీలో దొరకదు.

అలాగని డిక్షనరీని ముట్టుకుంటే పాపమని నేననను. ఒకే పదం నాలుగైదు సార్లు ఎదురై, అది తెలియక కథే ఆగిపోతుంటే టక్కున చూసుకుని ముందుకెళ్లండి. రాసుకోవాలనుంటే చదవడం అయ్యాక, రోజుకు ఓ అయిదు పదాలు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు భాష బోధించి రిటైరయ్యాను. గ్రామర్ లేకుండా, బట్టీ లేకుండా ఊరికే కథలు చదివితే భాష వస్తుందనడం బద్ధకస్తులకు తీపి కబురు చెప్పడమే. మీ దగ్గర రుజువేమైనా ఉందా?

జవాబు: మాస్టారూ, మీ కోపం సగం న్యాయమే. ముందు రుజువు సంగతి చూద్దాం.

ఈ వాదానికి పెద్ద గొంతు అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్. కష్టపడి నేర్చుకున్న నియమాలు వేరు, తెలియకుండానే ఒంటబట్టిన భాష వేరు, మాట్లాడేటప్పుడు పనికొచ్చేది రెండోదేనని 1980ల మొదటి నుంచీ వాదిస్తూ వచ్చాడు. మనకు తెలిసినదానికన్నా ఒక్క మెట్టు పైనున్న భాష మనకర్థమయ్యేలా చెవిన పడుతూ, కంటబడుతూ ఉంటే చాలంటాడు. వాదం సరే, బడిలో పనిచేసిందా అంటే, ఫిజీ దీవుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే ఇద్దరు చేసి చూశారు. పల్లెటూరి బడుల్లో నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు సుమారు 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చి చదివించారు. మిగతా తరగతుల్లో మామూలు పాఠాలు. 1983లో ప్రచురించిన ఫలితాల ప్రకారం చదవడంలో, విని అర్థం చేసుకోవడంలో కథల పిల్లలు దాదాపు రెండింతల వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికి రాయడంలోనూ తేడా కనబడింది.

ఇక మీరు న్యాయంగా కోప్పడిన సగం. కథ మీదే ధ్యాస ఉంటే భాష రూపం మీద కన్ను నిలవదు, అది నిజం. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్లిన ఒక చిత్రకారుణ్ని రిచర్డ్ ష్మిట్ అనే పరిశోధకుడు మూడేళ్లపాటు గమనించి 1983లో రాశాడు. వెస్ అని మారుపేరు పెట్టాడు. మనిషి కలుపుగోలు, ఇంగ్లీషులో గంటలు గంటలు కబుర్లు చెప్పగలడు, అందరితో స్నేహం. మూడేళ్లయినా గ్రామర్ మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. కావాల్సినంత భాష చుట్టూ ఉంది గానీ, ఎదుటివాళ్లు ఆ మాట ఎలా అంటున్నారో గమనించే అవసరం ఆయనకు పడలేదు.

అందుకని క్రాషెన్‌తో నేను పూర్తిగా ఏకీభవించను. పలచటి గ్రామర్ పుస్తకం ఒకటి కొనుక్కుని నవలలాగా తిరగెయ్యండి, అభ్యాసాలు చెయ్యకండి, బట్టీ పట్టకండి. ఫలానాది ఒకటుంది అని తెలిస్తే, తర్వాత చదివేటప్పుడు అది కంటికి తగులుతుంది. మీరు ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం వృథా పోలేదు మాస్టారూ, దాని పక్కన చదవాల్సినంత చదువు పడలేదు, అంతే.

ప్రశ్న: జపనీస్ మొదలెడదామనుకుంటున్నాను. అక్షరం ముక్క రాదు. నేరుగా చదవడంతో మొదలెట్టొచ్చా?

జవాబు: రాదు కదండీ అక్షరం, ఏం చదువుతారు! ముందు హిరగాన, కతకాన అని రెండు లిపులున్నాయి, ఒక్కోదాంట్లో మూల అక్షరాలు 46. రెండు మూడు వారాల పని. అవి అవుతుండగానే బొమ్మలు చూపిస్తూ మెల్లగా చెప్పే వీడియోలు వినండి, ఓ మూడు నాలుగు వందల పదాలు పోగేసుకోండి. తర్వాత అన్నిటికన్నా కింది మెట్టు రీడర్లు. వాటిలో చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాల మీద ఎలా పలకాలో చిన్న హిరగానలో రాసి ఉంటుంది, దాన్ని ఫురిగాన అంటారు. అది లేని పుస్తకం ఇప్పుడే వద్దు.

మీకో శుభవార్త. "వాతాషి వా హోన్ ఒ యోమిమాస్" అన్న వాక్యాన్ని మాటకు మాట పెడితే నేను, పుస్తకాన్ని, చదువుతాను. క్రియ చివర్న, విభక్తి లాంటి ముక్క నామవాచకం తర్వాత, అచ్చం మనలాగే. ఇంగ్లీషువాళ్లు ఈ వరస అలవాటు చేసుకోవడానికే తల పట్టుకుంటారు, మీకది ఊరికే వచ్చింది. కాబట్టి దయచేసి ఇంగ్లీషులోకి అనువాదం చేసుకుంటూ జపనీస్ చదవకండి, ఉన్న లాభం పోతుంది.

ప్రశ్న: రెండేళ్లుగా ఫ్రెంచ్ చదువుతున్నాను, పదిహేను పుస్తకాలయ్యాయి. చదివితే అర్థమవుతుంది. ఎవరైనా పలకరిస్తే మాత్రం టెన్షన్‌తో నోరు పెగలదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పేం లేదు, సగం పనే అయింది. కెనడాలో ఇంగ్లీషు పిల్లలకు అన్ని పాఠాలూ ఫ్రెంచ్‌లోనే చెప్పే బడులున్నాయి. ఆ పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచ్ వింటూ చదువుతూ పెరిగారు, అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకు దాదాపు దీటుగా వచ్చారు, మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వెనకబడ్డారు. దాన్ని చూసే మెరిల్ స్వేన్ అనే పరిశోధకురాలు 1985లో, లోపలికి పోయింది చాలదు, బయటికి కూడా రావాలి అని తేల్చి చెప్పింది. మాట్లాడబోయి తడబడినప్పుడే కదా మనకేం రాదో మనకు తెలిసేది.

అయితే మీ పరిస్థితి, ఏమీ చదవకుండా మాట్లాడే క్లాసుకెళ్లి నాలుగు వాక్యాలు చిలక పలుకులు పలికేవాళ్లకన్నా ఎంతో నయం. మీ దగ్గర సరుకుంది, బయటికి తీయడం అలవాటు కావాలి. చదివిన అధ్యాయాన్ని పుస్తకం మూసి మూడు నిమిషాలు గట్టిగా చెప్పుకోండి, ఎవరూ లేని గదిలో. పురాతన నగరం ట్రాయ్ తవ్వకాలతో పేరుపడ్డ హైన్రిష్ ష్లీమన్ రష్యన్ నేర్చుకునేటప్పుడు, తన వల్లెవేత వినడానికి వారానికి నాలుగు ఫ్రాంకులిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నానని స్వయంగా రాసుకున్నాడు. ఆ వినే మనిషికి రష్యన్ ముక్క రాదు! ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు, నోరు కదులుతుందని ఆయన లెక్క. ఆ గోలకు ఇల్లు కూడా మారాల్సొచ్చిందట, మీరు కాస్త చూసుకోండి. ఓ నెలయ్యాక వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిజంగా ఆ భాష వచ్చిన మనిషితో మాట్లాడండి.

ఒక్క సందేహం. పదిహేను పుస్తకాలూ మౌనంగానే చదివారా? ఫ్రెంచ్‌లో అది ప్రమాదం. రాసేది ఒకటి, పలికేది ఒకటి. 'వాళ్లు మాట్లాడతారు' అన్నదాన్ని రాస్తే క్రియ చివర ఇ, ఎన్, టి అని మూడక్షరాలుంటాయి, నోటికొచ్చేసరికి మూడూ మాయం, "ఇల్ పార్ల్", అంతే. నేనైతే 'మెస్యో' అనాల్సిన మాటను ఏడాదిపాటు మనసులో 'మోన్సియర్' అనే చదువుకున్నాను. ఒకరోజు గట్టిగా అనేశాను, ఎదుటాయన మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. మీరు చదివిన పుస్తకాలకే ఆడియో ఉంటే, వింటూ మళ్లీ చదవండి. పలకరిస్తే నోరు పెగలకపోవడంలో సగం కారణం, ఎదుటివాళ్లు అన్నది మీకు తెలిసిన పదమే అయినా చెవి గుర్తుపట్టకపోవడమే అయ్యుంటుంది.

ప్రశ్న: సబ్‌టైటిల్స్‌తో కొరియన్ సిరీస్‌లు చూడటం కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

జవాబు: సబ్‌టైటిల్స్ ఏ భాషలో? మీకొచ్చిన భాషలో పెట్టుకుంటే మీరు చేస్తున్నది ఆ భాష చదవడం, వెనకాల కొరియన్ శబ్దం వినిపిస్తుంటుంది, అంతే. చూడొద్దనను, సరదాగా చూడండి, దాన్ని చదువు కింద రాసుకోకండి. నేర్చుకునే భాషలోనే సబ్‌టైటిల్స్ పెట్టుకుని, సగానికిపైగా అర్థమవుతుంటే అప్పుడు వస్తుంది. ఒక్క భాగాన్నే రెండోసారి చూడండి, మొదటిసారి వినబడని మాటలు ఎన్ని వినబడతాయో.

ప్రశ్న: నాకు యాభై అయిదు. ఇప్పుడు మొదలెడితే ఎన్నాళ్లు పడుతుంది? ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు ఏదో అమ్మడానికొచ్చారని అర్థం. అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకు భాషలు నేర్పిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు వృత్తికి పనికొచ్చే స్థాయికి రావాలంటే స్పానిష్‌కు ఆరేడు వందల గంటలు, జపనీస్‌కు 2,200 గంటలు క్లాసులు పడతాయని వాళ్ల అంచనా. మొదటి భాష వేరైతే అంకెలు మారతాయి, కానీ వందల గంటల వ్యవహారమని తెలుస్తుంది కదా. వయసు సంగతంటారా, యాస పూర్తిగా రాకపోవచ్చు గానీ, తొలి మెట్లు మాత్రం పిల్లలకన్నా పెద్దలే త్వరగా ఎక్కుతారు.

గంటలు కాదు, పేజీలు లెక్కపెట్టుకోండి. రోజుకు పది పేజీలు, పేజీకి 250 పదాలు, అంటే ఏడాదికి తొమ్మిది లక్షల పైచిలుకు. లక్ష పదాలకోసారి మాత్రమే తగిలే ఒక అరుదైన పదం ఏడాదిలో మీకు తొమ్మిదిసార్లు కనబడుతుందన్నమాట. ఈ తొమ్మిదికి విలువుంది. 2003లో వేరింగ్, తకాకి అనే ఇద్దరు జపాన్‌లో పదిహేను మందితో ఒక రీడర్ చదివించారు. అందులో 25 పదాలు నా కురిటె లాగా కల్పించి పెట్టినవి. మూడు నెలల తర్వాత అడిగితే సగటున ఒక్కదానికే అర్థం చెప్పగలిగారు. ఎనిమిదిసార్లకన్నా తక్కువ ఎదురైన వాటిలో ఒక్కటీ మిగల్లేదు. అంటే ఒక్క పుస్తకంతో ఏమీ రాదు. కానీ రోజుకు పది పేజీలు కష్టమైన నవలతో సాధ్యమా? తేలికవైతేనే పది పేజీలు సాగుతాయి, పది సాగితేనే ఆ తొమ్మిదిసార్లు తగులుతాయి. అందుకే ఇందాకటి నుంచీ తేలికవి, తేలికవి అని నస పెడుతున్నాను.

ప్రశ్న: చదివేసిన పుస్తకమే మళ్లీ చదివితే ఉపయోగమా, టైమ్ వేస్టా?

జవాబు: నిక్షేపంగా చదవండి. ఈసారి కథ ముందే తెలుసు కాబట్టి మొదటిసారి దాటేసిన పదాలు వాటంతటవే విడిపోతాయి. మొదటిసారికి ఎన్ని నిమిషాలు పట్టిందో చివరి పేజీలో పెన్సిలుతో రాసుకోండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చదివి దాని కిందే రెండో అంకె వెయ్యండి.